మా పికప్ బండికి శుక్రవారం బొట్టు

మా చిన్నప్పుడు శుక్రవారం వచ్చిందంటే, మా ఇంట్లో దేవుడి పటాల కంటే ముందు పికప్ బండికి బొట్టు పడేది... వేంపల్లె దగ్గర మా ఊళ్ళో పికప్ మాదొక్కటే. అదీ ఎవరో వాడి వదిలేసిన పాత బండి. నాయన దాంట్లో చీనీకాయలు, అంటే బత్తాయిలు, మార్కెట్టుకు తోలేవాడు. ఇల్లు గడిచేది దాంతోనే.

పసుపు కలపడం మా జేజి పని... జేజి అంటే నాయన వాళ్ళమ్మ. పెట్టడం నా పని. తొమ్మిదేళ్ళ దాన్ని. ఆ గిన్నె ఇంకెవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేసేదాన్ని.

"తాళం తిప్పే కాడనే బండికి ప్రాణం ఉండాది పాపా... ఆడ బాగా పెట్టు" అనేది జేజి. నేను బాగా అంటే బాగానే పెట్టేదాన్ని. తాళం బెజ్జం చుట్టూ పూసి, అదీ చాలక అగ్గిపుల్లతో లోపలికి తోసేదాన్ని... లోపలికి పోతే దేవుడికి ఎక్కువ చేరుతుందని నా తెలివి. ఈ అగ్గిపుల్ల సంగతి జేజికి తెలియదు.

తాళం బిగుసుకుంటోందని నాయన అప్పుడప్పుడు విసుక్కునేవాడు. రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి, మళ్ళీ తోలుకుపోయేవాడు.

ఎండాకాలంలో ఒకరోజు... ఇంకా పదకొండు కాలేదు. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, చీనీచెట్ల పాదులకు నీళ్ళు కడుతుంటే నాగుపాము కరిచింది. ఇద్దరు మోసుకొచ్చి బండి వెనక పడుకోబెట్టారు. జేజి ఎక్కి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. "ఏం కాలేదులేమ్మా" అంటున్నాడు... కానీ రెప్పలు వాలిపోతున్నాయి.

నాయన తాళం తిప్పాడు. బండి ఉలకలేదు, పలకలేదు.

లైటు వేసి చూశాడు, బాగానే వెలిగింది. హారన్ కొట్టాడు, ఊరంతా వినిపించింది. అంటే బ్యాటరీలో లోపం లేనట్టే... అయినా కంగారులో నాయన బ్యాటరీ దగ్గరికే పోయాడు. వైర్లు ఊడదీసి, గీకి, మళ్ళీ బిగించాడు. సెల్ఫ్ మోటారును జాకీ రాడ్డుతో కొట్టాడు. ఊహూ...

"తోయండప్పా! తోస్తే పట్టుకుంటాది!" అని అరిచాడు. జేజి, చిన్నాయన వెనక ఉండగానే ఊరంతా కలిసి తోసింది. బండి ఎగిరెగిరి పడుతూ వీధి చివరి దాకా పోయింది గానీ ఇంజిన్ అందుకోలేదు. "ఏమైంది దీనికి... ఏమైంది" అంటూ నాయన బానెట్‌ను రెండు చేతులతో బాదాడు. మా నాయన ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

చిన్నాయన మాట ముద్దగా అయిపోయింది. ట్రాక్టరు కోసం మనిషి పరుగెత్తాడు... అది చేల నుంచి వచ్చేసరికి అరగంట పైనే పట్టింది. వేంపల్లె చేరేసరికి ఆయన లేడు. "కొంచెం ముందు తెచ్చి ఉంటే" అన్నాడంట డాక్టరు.

నాలుగో రోజు మెకానిక్ మస్తానన్న వచ్చాడు. బండి ఇంకా వీధి చివరనే ఉంది. చిన్న బల్బు ఒకటి వైర్లకు ఆనించి చూసుకుంటూ వచ్చాడు.

"కరెంటు తాళం దాకా వస్తాండాదన్నా... తాళం దాటి పోల్యా. డీజిల్ వదిలే వాల్వుకు గూడా ఈడినుంచే పోవాల. ఇంగ ఎంతమంది తోసినా యాడ పట్టుకుంటాది?" అంటూ స్విచ్చి ఊడదీసి విప్పాడు.

లోపల రాగి బిళ్ళల నిండా చిలుము... ఆ చిలుము మీద గడ్డకట్టిన పసుపు.

"అన్నా, ఇది..." అన్నాడు మస్తానన్న.

"ఊరికే ఉండప్పా" అన్నాడు నాయన. ఆ ముక్కలు తీసుకుని వేళ్ళతో నలిపి చూశాడు. నా వైపు తిరిగాడు. "మీ జేజికి చెప్పాకు పాపా. నువ్వు గూడా మనసులో పెట్టుకోవాకు."

జేజికి వైరు తెగిందని చెప్పాడు. "కాలం బాగలేకుంటే తాడే పామై కరుస్తాదంట" అని ఆమె ఇంకేమీ అడగలేదు.

మనసులో పెట్టుకోకుండా ఎట్లా ఉంటాను... నా పెళ్ళికి పసుపుతో నలుగు పెడుతుంటే వెక్కి వెక్కి ఏడ్చాను. పుట్టిల్లు వదలలేక ఏడుస్తోందని అందరూ ఓదార్చారు.

చిన్నాయన పోయాక వచ్చిన శుక్రవారం జేజి పసుపు కలపలేదు. మైల కదా అనుకున్నాను. మైల తీరినా కలపలేదు. మళ్ళీ ఎప్పుడూ కలపలేదు.

జేజి మంచం పట్టాక ఒకరోజు కాళ్ళు పడుతుంటే, ఆమే ఆ మాట ఎత్తింది. "ఆ మెకానిక్ వచ్చిన పొద్దు మీ నాయన తొట్టి కాడ చేతులు కడుక్కుంటాంటే నీళ్ళు పసుపు రంగులో పోయినాయి పాపా. నేను చూసినా. వాడు చెప్పల్యా, నేను అడగల్యా... నీ తప్పేం లేదు. కలిపింది నేను, పెట్టమనింది నేను. నా కొడుకుని నేనే..."

అంతే, ముఖం గోడవైపు తిప్పుకుంది.

అగ్గిపుల్ల సంగతి నా నోటిదాకా వచ్చింది. చెప్పి ఉంటే ఆ ముసలి ప్రాణానికి బరువు కొంచెమైనా తగ్గేదేమో... చెప్పలేదు. పిరికిదాన్ని. నెల తిరక్కుండానే జేజి పోయింది. రెండేళ్ళకు నాయనా పోయాడు. జేజికి తెలుసన్న సంగతి ఆయనకూ చెప్పలేకపోయాను.

ఇప్పుడు బండ్లు మీట నొక్కితే కదులుతున్నాయి. ఫోను చేస్తే ఆస్పత్రి బండి గుమ్మం ముందుకే వస్తోంది. మంచిదే... అప్పుడు లేకపోయిందే అన్న కడుపుమంట మాత్రం పోదు.

మీ ఇళ్ళలోనూ ఒకరి కోసం ఒకరు దాచుకున్న మాటలుంటే కింద రాయండి... రాయకపోయినా పర్వాలేదు, ఆ మనిషి ఇంకా బతికుంటే ముందు పోయి చెప్పండి. మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఒకే పొయ్యి మీద వండుకుని అన్నేళ్ళు తిన్నాం... ముగ్గురం ఒకచోట కూర్చుని ఒక్కసారి కూడా కలిసి ఏడవలేదు.