భీమేశ్వరుడికి బోరునీళ్ళు

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, మా అమలాపురం నుంచి ద్రాక్షారామం వెళ్ళడమంటే నాకు విమానం ఎక్కినంత సంబరం. ముక్తేశ్వరం దాకా బస్సు, అక్కణ్ణించి పంటు మీద గోదారి దాటి కోటిపల్లి, మళ్ళీ ఇంకో బస్సు. నాకప్పుడు పదకొండేళ్ళు. నాన్నకి టైఫాయిడ్ తగ్గితే కోటిపల్లి రేవులో నీళ్ళు తీసుకెళ్ళి భీమేశ్వరస్వామికి అభిషేకం చేయిస్తానని మా మామ్మ మొక్కుకుంది. నాన్న లేచి తిరుగుతున్నారు కనక మామ్మ, తోడుగా నేను బయల్దేరేం. ఆవిడ రేవులో మునిగి, ఇత్తడి చెంబు నింపి, మూతికి గుడ్డ కట్టి నా ఒళ్ళో పెట్టి, "చుక్క ఒలికిందో, చూడు మరి! మీ నాన్న ఆరోగ్యమే అది" అంది. నేను "ఆయ్" అన్నాను, కలెక్టరంత గంభీరంగా.

బస్సులో మామ్మ కునుకు తీసింది. నేను చెంబుని వాటేసుకుని కిటికీలోంచి చూస్తున్నాను. అంతలో చెట్ల మీదుగా గోపురం కనబడింది. అంతే! "గోపురం! అదిగో గోపురం!" అని లేచి చప్పట్లు కొట్టేను. (చప్పట్లకి రెండు చేతులూ కావాలని అప్పుడే తెలిసింది.) చెంబు దొర్లిపోయింది. ముందు సీటాయన తడిసిన కాళ్ళు పైకెత్తుకుని, "ఏంటమ్మాయ్, బస్సుకే అభిషేకం చేసేసేవా?" అన్నారు. మామ్మ గుర్రు ఆగలేదు. బస్సు దిగేక, ఆవిడ పువ్వులు బేరమాడుతుంటే నేను బోరింగు దగ్గరికి పరిగెత్తి, చెంబు నింపి, గుడ్డ కట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డాను.

గుళ్ళో మెట్లెక్కి పై అంతస్తుకి వెళితే, కింది అంతస్తు నుంచి అక్కడిదాకా లేచిన శివలింగం! అంత పెద్ద దేవుణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు. గుండె ఆనందంతో కొట్టుకుంటోందో, భయంతోనో తెలీలేదు. పూజారిగారు చెంబు అందుకోగానే, మంచం మీద మూలుగుతున్న నాన్న కళ్ళముందు కనబడ్డారు. "పోయకండి పంతులుగారండీ! అవి గోదారి నీళ్ళు కావండీ, బోరు నీళ్ళండీ!" అని గుడంతా వినబడేలా అరిచేను. వెనక జనం గొల్లుమన్నారు. మామ్మ మొహం కందగడ్డయింది.

పూజారిగారు నవ్వాపుకుంటూ, "బోరులోకి మాత్రం ఎక్కణ్ణించి వస్తాయమ్మా? ఆ గోదారే కదా!" అని స్వామి మీద పోసేసేరు.

బయటికొచ్చేక మామ్మ నా చెవి పట్టుకుంది. మెలిపెడుతుందనుకున్నాను. "చెప్పేసేవు, అదే నయం" అని పులిహోర ప్రసాదం చేతిలో పెట్టింది. నాన్నకి జ్వరం తిరిగి రాలేదు.

ఇప్పుడు నేను ఆఫీసులో "ఫైలు దారిలో ఉందండీ" లాంటివి రోజుకి నాలుగు చెబుతున్నాను. గుండె మామూలుగానే కొట్టుకుంటుంది. ఎవరూ అడక్కుండానే నిజం అరిచేసిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ పిల్ల మీద కాస్త అసూయా కలుగుతుంది.