రెండో చప్పుడు

గడియారాలు బాగుచేసే పెద్దకొడుకు కొన్నాళ్లుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పోయిన నాన్న నడిపిన పాత లారీకి రెండు చేతుల్లో ఇమిడేంత నమూనా చేస్తున్నాడు. రంగు, బంపరు, అద్దాలు అచ్చుగుద్దినట్టు కుదిరాయి. డ్రైవరు వైపు తలుపు మాత్రం ముప్పుతిప్పలు పెడుతోంది. అన్నం ముందు కూర్చున్నా అతని వేళ్లు దాన్నే బిగిస్తున్నాయి.

"ముందు దుకాణం తలుపు తీయండి మహాప్రభో, వచ్చినవాళ్లు తిరిగి పోతున్నారు," అంది భార్య.

చివరికి వేలు తగిలితే చాలు, తలుపు టక్కున మూసుకునేలా కుదిరింది. పరుగున తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. ఆమె తలుపు తీసింది, వేసింది, మళ్లీ తీసి వేసింది.

"బాగుందిరా. కానీ మీ నాన్న బండి కాదు."

అతనికి ఒళ్లు మండింది. "ఇంకా ఏం తక్కువైందమ్మా?"

"ఆయన తలుపు ఒక్క దెబ్బకి ఎప్పుడు పడింది గనక? మొదటిసారి వేస్తే తెరుచుకునేది. తిట్టుకుంటూ రెండోసారి బాదేవారు. ఆ రెండో చప్పుడు వినే నేను పొయ్యి వెలిగించేదాన్ని."

అతను బల్ల దగ్గరికి వెళ్లి, ముచ్చటపడి చేసిన గొళ్లాన్ని ఆకురాయితో అరగదీశాడు. తలుపు వేశాడు. తెరుచుకుంది. మళ్లీ గట్టిగా వేశాడు. పడింది.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.