చింతపండుతో తోమిన కాసులు

వంశధార ఒడ్డున, కొండ కిందున్న ఆ మ్యూజియానికి పనిగట్టుకుని వెళ్ళేవాళ్ళు తక్కువ. రెండు గదులు, ముక్కులు విరిగిన బుద్ధ విగ్రహాలు, వరండాలో పాత ఇటుకలు. మొన్న ఆషాఢంలో విజయనగరంలో బస్సెక్కి, శ్రీకాకుళంలో ఆటో మాట్లాడుకుని అక్కడికి వెళ్ళాను. సంచిలో నాన్న చుట్టల డబ్బా, అందులో ఏడు రాగి కాసులు. నాన్న పోయి అప్పటికి మూడు నెలలు. ఆయన కోతలు కోసే మనిషి కాదని చదువుకున్నవాళ్ళ చేత ఒక్క ముక్క రాయించుకోవాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

నా తొమ్మిదో ఏట, మా మెట్టపొలంలో నాన్న నాగలికి చిన్న కుండ తగిలింది. పగిలిన పెంకుల మధ్య ఈ కాసులు, పాచి పట్టినట్టు పచ్చగా ఉన్నాయి. నాన్నకు చదువు రాదు. అయినా ఒకదాన్ని వేలితో తడిమి చూసి, "అచ్చరాలున్నాయే. ఏనుగు బొమ్మా ఉన్నాది. ఏ రాజులనాటివో. రేపు మేష్టార్ని పిలిసి సదివిస్తాను," అని అమ్మతో అన్నాడు. పొద్దుగూకేలోగా ఊరంతా చెప్పేశాడు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు.

మర్నాడు మార్గశిర లక్ష్మివారం. మా వైపు గురువారాన్ని అలాగే అంటాం. ఆ నెలలో ఆ రోజున అమ్మవారి ముందు పెట్టే ప్రతి సామానూ తళతళలాడాలి. పొద్దున్నే అమ్మ నాకు చింతపండు, బూడిద, కొబ్బరిపీచు ఇచ్చి తోమమంది. చెంబు, పళ్ళెం, దీపపు కుందులు అయ్యాక, గూట్లో మాసిపోయిన కాసులు కనిపించాయి. నాన్న మెచ్చుకుంటాడని వాటినీ చింతపండు రసంలో నానబెట్టి, ఒక్కోదాన్ని చేతులు నొప్పెట్టేదాకా తోమాను. కొత్త బిందెలా మెరిశాయి. నా బుద్ధి గడ్డి తిన్నది.

మేష్టారు వచ్చి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో ఏటున్నాదయ్యా సదవడానికి? నున్నటి బిళ్ళలు," అని నవ్వారు. అరుగు చుట్టూ చేరినవాళ్ళూ నవ్వారు. నాన్న నా వైపు చూశాడు. నా వేళ్ళ సందుల్లో ఇంకా నల్లటి మడ్డి ఉంది. చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆయన కాసులు ఏరుకుని చుట్టల డబ్బాలో వేసుకున్నాడు.

ఆ రోజు నుంచీ ఊళ్ళో ఆయన 'రాజుగారు'. "రాజుగారూ, ఈయాల నాగలికి కిరీటమేటైనా తగిలిందా?" అని గట్ల మీద వేళాకోళం. ఊరి నోటికి మూత పెట్టగలమా? పాడె మోసేటప్పుడు కూడా ఒకడు, "రాజుగారు తేలిగ్గానే ఉన్నారు," అన్నాడు. వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది. కానీ ఆయన్ని నవ్వులపాలు చేసింది నేనే కదా. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా, నేనే తోమాను నాన్నా అని చెప్పలేకపోయాను. ఆయనా అడగలేదు. నా చేతులు చూసి ఉండడులే అని సర్దిచెప్పుకున్నాను.

మ్యూజియంలో ముసలి అటెండరు ఒక్కడే ఉన్నాడు. నేను డబ్బా బల్ల మీద పెట్టగానే దాని సొట్టపడ్డ మూత వైపు అలా చూస్తూ ఉండిపోయాడు.

"ఈ డబ్బా నానెరుగుదును. దీన్ని తెచ్చీ రైతు మీకేటవుతారమ్మా?"

"మా నాన్న."

"ఏడాదికోపాలి వచ్చీవోరు. మొదటిపాలి మా ఆఫీసరుబాబు సూసి, పాతకాలం కాసులే గానీ అచ్చరాలు పోనాయి, ఎవులు తోమినారని కేకలేసినారు. నానే తోమినాను బాబూ, తెలీక, అన్నారు మీ నాన్న. పాతవేనని కాగితం రాసిస్తామంటే వొద్దన్నారు."

"ఎందుకు?"

"నానూ అదే అడిగినాను. కాగితం సూపిస్తే, మరి అచ్చరాలు ఎవులు సెరిపేసినారని ఊరంతా అడుగుతాది, మా పాప ఏడుస్తాది, అన్నారు."

తర్వాత నన్ను అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్ళాడు. అందులో పచ్చగా చిలుము పట్టిన ఒక కాసు ఉంది. ఏనుగు, చుట్టూ అక్షరాలు. నాన్న వచ్చినప్పుడల్లా దీన్నే చూసి వెళ్ళేవాడట. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

లేచాక, ఆ కాగితం ఇప్పుడు ఇస్తారా అని అడిగాను.

"సోమారం ఆఫీసరుబాబు వస్తారు. ఎవులు తోమినారో కూడా రాస్తారమ్మా."

"నేనేనని రాయమనండి," అన్నాను. ఆ మాట వినాల్సిన మనిషి లేకుండా పోయాక అన్నాను.