స్పర్శ లేని చేత్తో కుట్టిన చిలకలు

ఆ ఉదయం సామర్లకోటలో మా ఇంటి వసారాలో కూర్చుని జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర జారి కింద పడింది. తీద్దామంటే కుడిచెయ్యి లేవలేదు. నా భర్త సత్తిబాబుని పిలిచాను. ఆయన పరుగున వచ్చి, "ఏంటే, మాట ముద్దముద్దగా వస్తోంది?" అన్నారు.

కాకినాడ ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్ అమ్మా. బీపీ, షుగర్ రెండూ ఎక్కువున్నాయి. చచ్చుబడిన కాలు కోలుకుంటుంది. చేతి సంగతి ఇప్పుడే చెప్పలేం," అన్నారు డాక్టరుగారు.

ఆయన అన్నట్టే నడక వచ్చింది. చేతికి కొంచెం పట్టు వచ్చింది గానీ స్పర్శ రాలేదు. గ్లాసు వేడిగా ఉందో చల్లగా ఉందో తెలిసేది కాదు. కుట్టమని గుడ్డలిచ్చినవాళ్ళు, "ముందు ఆరోగ్యం చూసుకో అక్కా," అంటూ తిరిగి పట్టుకెళ్ళారు. ప్రేమగానే అన్నారు. వాళ్ళు వెళ్ళాక ఏడ్చాను.

"వ్యాయామానికి బంతి నొక్కడం విసుగైతే చేతికి అలవాటైన పని ఇవ్వండి," అంది ఫిజియోథెరపీ అమ్మాయి. మిగిలిపోయిన గుడ్డ ముక్కల మూట విప్పాను. కుడిచేత్తో ముక్కని అదిమిపట్టి, ఎడమచేత్తో చిలకలు కుట్టి, లోపల పీలికలు కూరాను. దారానికి గుచ్చి గుమ్మానికి కడితే అన్నీ తలకిందులయ్యాయి. ముడి వీపు మీదికి మార్చాక నిలబడ్డాయి. జబ్బు చేశాక నేను నవ్వింది అప్పుడే.

ఒకరోజు పసుపు చిలక మీద ఎర్రటి మరక చూసి, "ఇది రక్తం కదే!" అన్నారు మా ఆయన. సూది నా కుడిచేతి వేలిలో దిగిన సంగతే నాకు తెలియలేదు. కడిగి ఊరుకున్నాం. కొద్దిరోజులకే వేలు నల్లగా వాచి, జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చీరి చీము తీశారు.

"నొప్పి తెలియకపోవడమే మీకు ప్రమాదం. ఇంకాస్త ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేది," అన్నారు డాక్టరుగారు.

ఇంటికి రాగానే మా ఆయన సూదులు దాచేశారు. "నీ వేలికంటే చిలకలు ఎక్కువా?"

"ఆ పని కూడా లేకపోతే ఈ చెయ్యి ఎందుకండీ నాకు?"

గాయం మానాక ఆయనే సూది తెచ్చిచ్చి, "నేను పక్కనుంటేనే కుట్టు," అన్నారు.

ఇప్పటికీ స్పర్శ రాలేదు. జాకెట్లు కుట్టలేను. మళ్ళీ స్ట్రోక్ వస్తుందేమోనన్న భయం మాత్రలతో పాటే రోజూ మింగుతున్నాను. మొన్న పక్కింటి పాప ఉయ్యాలకి ఒక వరస చిలకలు కట్టాను.

మీలో ఎవరికైనా ఇలాంటి చెయ్యి ఉంటే, రోజూ వెలుతురులో వేళ్ళన్నీ తిప్పి తిప్పి చూసుకోండి. చిన్న గాటున్నా డాక్టరుకి చూపించండి. నొప్పి చెప్పాల్సిన మాట ఇక మన కళ్ళే చెప్పాలి.