పడవ నంబరు కింద ఇంకో నంబరు

ఆదివారం. పొద్దున్నే ఆరు బిందెల నీళ్లు పట్టాను, గంపెడు చేపలు చీరి ఎండబెట్టాను. అన్నం వారుస్తుండగా పలాస ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, పోయారు.

"ఏడేళ్లు అంకెలు రాసుకుని ఏటి బావుకున్నాడు?" అని పరామర్శకు వచ్చిన ఒకాయన అన్నారు. ఆయనకు జవాబు ఇక్కడ చెబుతున్నాను.

మా ఉద్దానంలో క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. రక్తపరీక్షలో ఆ అంకె పెరిగిందంటే కిడ్నీ దెబ్బతింటోందని. అయినా మగవాళ్లు చీటీ చింపేస్తారు. ఊరికి తెలిస్తే కొడుకులకు పిల్లనివ్వరని భయం. బావగారు ఆలస్యంగానే చూపించుకున్నారు; అప్పటికే అంకె నాలుగుకు దగ్గర. ఆయన చీటీ చింపలేదు. పడవ ముక్కు మీద, సర్కారు నంబరు కింద, తెల్లరంగుతో ఆ అంకె రాసేశారు. పక్కన బీపీ. నెలనెలా పాతవి చెరిపి కొత్తవి.

"నీ పడవకి రెండు నంబర్లేటి మావా?" అని ఒడ్డున నవ్వేవారు.

"పైది సర్కారుకి, కిందది యముడికి. ఇద్దరికాడా దాసీదేటుంది?"

ఉప్పుచేప లేనిదే ముద్ద దిగని మనిషి దాన్ని మానేశారు. వల లాగి ఒళ్లు పులిసినా, కిడ్నీకి చేటని కొట్లో నొప్పిమాత్ర కొనలేదు. "సముద్రం లోతు తాడు దింపి సూత్తాం. మన ఒంటి లోతు సూసుకోడానికి సిగ్గేటి?" అనేవారు.

మా ఆయనకు మాత్రం మంట. పాదాలు వాస్తున్నా పరీక్షకు వెళ్లలేదు. "అన్నయ్యా, పడవ మీద రోగం రాత్తావేటి? మా గుంటడికి పిల్లనెవరిత్తారు?"

"అంకె దాసీసినోడింటికి పిల్లనిత్తే, రేపు ఆ పిల్ల గతేటిరా?"

బావగారి చీటీలు నేనే చదివి నోటుపుస్తకంలో ఎక్కించేదాన్ని. చివరిసారి పుస్తకం చూసి, "నా పేజీ నిండిపోనాది. ఆడి పేజీ ఏదమ్మా?" అన్నారు. తమ్ముడి పేజీ అని.

అందుకే పన్నెండో రోజు దాటాక, అందరూ చూస్తుండగా, పడవ ముక్కు మీద బావగారి చివరి అంకె కింద మా ఆయన పేరు రాశాను. పక్కన చోటు ఖాళీగా వదిలాను.

"ఏటే, నా పరువు ఒడ్డున పడేత్తావా?"

"పరువు కాదు, మిమ్మల్ని ఒడ్డున పడేద్దామని."

నాలుగు రోజులు ఒడ్డంతా అదే పాట: "బావా, నీ నంబరేదీ?" అయిదో రోజు మా ఆయన పలాస బస్సెక్కారు. అంకె ఒకటి పాయింట్ ఆరు. పెరిగింది గానీ చేయి దాటలేదు, నెలనెలా రమ్మన్నారు డాక్టరుగారు.

ఆ పరామర్శకు వచ్చినాయనకు ఇదే నా జవాబు. బావగారు బావుకున్నది ఏడేళ్లు, ఆపైన ఒక తమ్ముడు.

రంగు డబ్బా పట్టుకుని మా ఆయనే పడవ దగ్గరికి నడిచారు. అన్నగారి అంకె చెరపలేదు. దాని కింద, తన పేరు పక్కనే, వంకరగా, తన అంకె వేశారు. తడి రంగు మీద ఇసుక రేణువులు వచ్చి అంటుకుంటుంటే చూస్తూ నిలబడ్డారు.

ఇంటికొచ్చి కొత్త పేజీ తెరిచాను. బావగారు అడిగిన పేజీకి నా బాకీ చెల్లు.