నేల మీద పుస్తకాలు

ఎనభైల మొదట్లో, అమెరికాలో నేను చదివిన యూనివర్సిటీ లైబ్రరీలో చైనా పుస్తకాల విభాగాన్ని ఒక చైనా పెద్దావిడ చూసుకునేది. పిల్లల పుస్తకం ఏది వచ్చినా ఆవిడ కుర్చీ దిగి, కార్పెట్ మీద చతికిలబడి, దాన్ని నేల మీద పెట్టుకునే చూసేది.

చైనాలో పుస్తకాలను పిల్లలకు తగ్గట్టు తీర్చిదిద్దడం ఎలా మొదలైందన్నది నా థీసిస్. అక్షరాలనూ బొమ్మలనూ స్కేలు పెట్టి కొలవడమే నా పాండిత్యం. సరస్వతి అలా నేల మీద పడి ఉంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు ఉండబట్టలేక అన్నీ ఏరి, కళ్ళకద్దుకుని, బల్ల మీద పేర్చాను. ఆవిడ మళ్ళీ కిందే పరిచి, "పిల్లలు చూసేది ఇలాగే" అంటూ నన్నూ కూర్చోమంది. తన సంచిలోంచి అరచేతంత బొమ్మల కథల పుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంత చిన్నది ఎందుకు వేశారంటావు?"

"కాగితం పొదుపు కోసం" అన్నాను, గొంతు సవరించుకుని.

"చిన్నప్పుడు ఇలాంటిది ఎప్పుడూ నా జేబులో ఉండేది. నీ థీసిస్‌లో పిల్లలెక్కడ?"

రెండు వందల పేజీల్లో ఒక్క పిల్లా లేదు. పుస్తకం పిల్లల చేతికి అందాలంటూ ఒక అధ్యాయం చేర్చి డాక్టరేట్ కొట్టేశాను. ఆవిడ రిటైరై వెళ్తూ ఆ బుల్లి పుస్తకాన్ని మా పాపకిమ్మంది.

చింపేస్తుందని షెల్ఫ్ పైఅరలో పెట్టాను.

"నాన్నా, ఆ బుక్ కావాలి. ఐ కాంట్ రీచ్!" అంది మూడేళ్ళ పాప.

"ఆగమ్మా, నాన్న పిల్లల పుస్తకాల మీద పేపర్ రాసుకుంటున్నాడు" అన్నాను.