చిత్రాన్నం డబ్బాలో చేప

ఉదయం ఏడున్నరకి ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో హామిల్టన్ బస్సెక్కాను. టికెట్ ఇరవై ఆరు డాలర్లు, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. తొమ్మిదేళ్లుగా ఈ దేశంలో ఉంటూ నేను చూసింది బీచులూ షాపింగ్ సెంటర్లే. నా కాలేజీ స్నేహితురాలు సునీత హామిల్టన్‌లో ఉంటుంది, సెలవురోజుల్లో చిత్తడి నేలల్లో పక్షుల్ని లెక్కపెట్టడానికి వాలంటీరుగా వెళ్తుంది. "ఏమే, ఒక్క శనివారం బురద తొక్కితే నీ ఉద్యోగమేం పోదులే, రా" అని దెప్పింది. మా ఇద్దరిదీ అనంతపురమే. ఆమెకిష్టమని స్టీలు డబ్బా నిండా చిత్రాన్నం కలిపాను, నిమ్మకాయ రెండు చెక్కలు ఎక్కువే పిండి.

పక్క సీటావిడకి పాడి ఆవులున్నాయట. "వారాలైంది చినుకు పడి. ఈపాటికి రావాలి" అంటూ కిటికీలోంచి ఎండిన గడ్డినే చూస్తూ కూర్చుంది.

తొమ్మిది ముప్పావుకి బస్సు దిగితే సునీత కారుతో ఉంది. ఉత్తరంగా నలభై నిమిషాలు డ్రైవ్ చేసింది. చిత్తడి నేల గేటు దగ్గర, బయటి విత్తనాలు లోపలికి రాకుండా, బూట్లు బ్రష్షుతో కడిగించి గానీ వదల్లేదు. మమ్మల్నీ ఇంకో నలుగురు వాలంటీర్లనీ తీసుకెళ్లింది గ్రాంట్, రిటైరైన బడిపంతులు. చలికాలంలో మోకాలి లోతు నీళ్లుండే చోటట. ఇప్పుడు మార్చి నెల, ఇక్కడ ఎండాకాలం చివర, నల్లమట్టి బీటలు వారి ఉంది. "ఏదీ కదపొద్దు, ఏదీ పట్టుకోవద్దు" అన్నాడు ఒకటికి రెండుసార్లు. నేను బుద్ధిగా తలూపాను.

పన్నెండుకి మిగతావాళ్లు ముందుకెళ్తే, మేమిద్దరం బాట పక్కనున్న మొద్దు మీద కూర్చుని చిత్రాన్నం తిన్నాం. సునీత లేవగానే మొద్దు దొర్లింది. కింది గుంటలో వేలంత పొడవున్న నల్లటి చేప! పొలుసుల్లేవు, నీళ్లూ లేవు. బురదలో నోరు తెరుస్తోంది.

"అయ్యో, చచ్చిపోతాందే!" అంది సునీత.

గ్రాంట్ మాట గుర్తురాలేదంటే అబద్ధం. కానీ కరువు సీమలో పుట్టినదాన్ని. దాహంతో ఉన్న ప్రాణికి గుక్కెడు నీళ్లు పోయకపోతే పాపమని వింటూ పెరిగాను. డబ్బాని టిష్యూతో తుడిచి, చేపని అందులో వేసి, నా బాటిల్లో నీళ్లన్నీ పోశాను. ఏదైనా నదిలో వదులుదామని పావుగంట నడిచి గ్రాంట్‌ని కలుసుకున్నాం. నిజం చెప్పాలంటే, మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

డబ్బాలోకి చూడగానే ఆయన మొహం పాలిపోయింది. వాసన చూసి, "నిమ్మకాయా?" అన్నాడు. వెంటనే నీళ్లు పారబోసి, చెట్టు నీడన దొరికిన తడి నాచులో చేపని చుట్టి అరచేతుల మధ్య పెట్టుకున్నాడు. "ఇది మడ్‌ఫిష్. నీళ్లు ఇంకిపోయాక మొద్దు కింది చెమ్మలో, చర్మంతోనే గాలి పీల్చుకుంటూ వానలొచ్చేదాకా ఉంటుంది. నదిలో వదిలితే పాముల్లాంటి ఈల్ చేపలు మింగేస్తాయి. ఎక్కడ తీశారు? అక్కడే పెట్టాలి."

పరుగులాంటి నడక. ఎండ నెత్తిన మాడుస్తోంది. తీరా చూస్తే బాట పొడవునా మొద్దులూ, వాటి పక్కన ఎండిన గుంటలూ, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి కదిపితే దాని కింద ఇంకేముందో, చేయి పెట్టే ధైర్యం లేదు. "ఇదేనేమో" అంది సునీత. "కాదు, అది" అన్నాను. గ్రాంట్ అరచేతులు కాస్త విప్పి చూశాడు. నాచు ఆరిపోతోంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు కనబడింది, మట్టి మీద పసుపుపచ్చటి మెతుకు. పక్కనే కరివేపాకు రెబ్బ, రెండు వేరుశనగ గింజలు. తిండి పారేస్తే ఎలుకలొస్తాయని తిట్టాల్సిన మనిషి, వాటిని చూసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. చేపని గుంటలో పెట్టాడు. కదల్లేదు. వేలితో చెమ్మ బురద కప్పాడు. చాలాసేపటికి తోక ఒక్కసారి ఆడింది. ముగ్గురం కలిసి మొద్దుని మెల్లగా దాని చోట పెట్టాం. మెతుకులన్నీ నేనే ఏరాను.

"రేపొచ్చి చూస్తారా?" అన్నాను.

"చూడాలంటే మొద్దు ఎత్తాలి కదా" అన్నాడు.

నాలుగున్నర బస్సుకి హామిల్టన్ వదిలాను. మీరెవరైనా వెళ్తే టోపీ, నీళ్లు తీసుకెళ్లండి. ఆ నీళ్లు మీరే తాగండి. అక్కడ ఎండిపోయినట్టు కనబడేదంతా చచ్చిపోయినట్టు కాదు. ఇది నాకెవరూ చెప్పలేదని అనలేను, చెప్పారు, నేనే వినలేదు.

ఆక్లాండ్‌కి ముందొచ్చే బాంబే హిల్స్ అనే కొండలెక్కుతుంటే అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. వెనక సీటతను వీకెండ్ పాడైందని సణిగాడు. సునీతకి ఫోన్ చేశాను. "మబ్బు పట్టిందే, ఇంకా పడలే" అంది. ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఫోన్ పట్టుకునే కూర్చున్నాను.

ఆరున్నరకి ఆక్లాండ్‌లో దిగుతుంటే ఆమే చేసింది. "పడతాంది, గట్టిగా. విను" అని ఫోన్ బయటికి పెట్టింది. స్టాపులో జనం నన్ను తోసుకుంటూ పోతున్నారు. నేను అక్కడే నిలబడి విన్నాను.